తాళాలాయన దాచిన చోటు

తాళం వేశాక ఒకసారి లాగి చూడడం అందరూ చేసే పనే. తాళాలాయన మూడుసార్లు లాగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగొచ్చి మళ్ళీ లాగేవాడు. ఆ నాలుగడుగుల మధ్య తాళం మనసు మార్చుకుంటుందేమోనని ఆయన భయం. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. నడుముకు వేలాడే పదిహేడు తాళంచెవుల గుత్తి ముందు వరండా మలుపులో గలగలమనేది, వెనకాలే ఆయన వచ్చేవాడు. అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆయన తాళాలాయనే.

ఆయన పనిచేసేది జంతువుల తెలివితేటల్ని పరిశీలించే ఒక సంస్థలో. మూడంతస్తుల భవనం. కింద ఎలుకలు, మధ్యలో చేపలు, పైన పక్షులు. పై అంతస్తు వరండా చివర స్టోరు గది. ఇరవై ఆరేళ్ళుగా అది ఆయన రాజ్యం. గింజల బస్తాలు, పురుగుల డబ్బాలు, మేత అరగడానికి పక్షులు మింగే సన్న గులకరాళ్ళ డ్రమ్ము, బల్బులు, వైర్లు, కెమెరాల సామాను, అన్నీ అక్కడే ఉండేవి.

చుట్టూ చదువుకున్నవాళ్ళు రోజుకో వింత కనిపెడుతుంటే ఆయనకు మాత్రం ప్రతి వింతలోనూ ఒక దొంగే కనిపించేవాడు. కింద అంతస్తులో ఒక ఎలుక, గొట్టంలో ఇరుక్కున్న ఇంకో ఎలుకను తలుపు నెట్టి విడిపించిందట. పక్కనే తీపిముక్కలు ఊరిస్తున్నా ముందు తోటి ఎలుకను బయటికి తెచ్చి, తర్వాత రెండూ పంచుకుని తిన్నాయట. భవనమంతా ముచ్చటపడింది. "ఊరికే విడిపిస్తుందా? రేపు తను ఇరుక్కుంటే ఎవరు తీస్తారని ముందుచూపు" అన్నాడు తాళాలాయన. మేత వేసే మనిషి ముఖం చూడగానే చేపలు గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తున్నాయని చేపల గదివాళ్ళు మురిసిపోతే, "మేత వేయడం మానేసి చూడండి, ఆ ప్రేమ ఎన్నాళ్ళుంటుందో" అన్నాడు. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆయన ముఖం చూసి వెనక్కి తగ్గేవాళ్ళు.

పై అంతస్తు పక్షులంటే మాత్రం ఆయనకు ఒక రకమైన గౌరవం. కాకులకు దాయాదులు అవి. రెక్కల మీద నీలం మెరుపుంటుంది కాబట్టి అందరూ నీలికాకులు అనేవాళ్ళు. దొరికిన గింజల్లో సగం తిని, సగం ఇసుక తట్టల్లో దాచుకునేవి. వారం తర్వాత కూడా ఏ గింజ ఎక్కడుందో మరిచిపోయేవి కావు. "అదీ బుద్ధంటే" అనేవాడు ఆయన. ఆయన నోట ఒకరిని మెచ్చుకునే మాట రావడం అంత అరుదు కాబట్టి పక్షుల గదివాళ్ళు దాన్ని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

స్టోరు నడపడంలో ఆయన పద్ధతీ అదే. ప్రతి వస్తువుకూ రిజిస్టరులో పేరుండేది, వచ్చిన తేదీ ఉండేది. ఎక్కడుందో మాత్రం ఉండేది కాదు. చోటు రాసిపెట్టడమంటే దొంగకు ఉత్తరం రాయడమేనని ఆయన సిద్ధాంతం. విలువైన వస్తువుల్ని ప్రతి శనివారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేవాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని ఉత్తి చోట్లు రెండు మూడు తెరిచి, చెయ్యి పెట్టి, ఏదో పెట్టినట్టు నటించి, పెద్దగా చప్పుడు చేస్తూ మూసేవాడు. గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది. తాళాలాయన లెక్క ప్రకారం వాటికి కళ్ళూ చేతులూ కూడా ఉండేవి.

ఇంట్లోనూ ఇదే తంతు. కత్తెర కావాలంటే ఆయన పని నుంచి వచ్చేదాకా భార్య ఆగాల్సిందే. దాచినవాటన్నిటిలోకి ఎక్కువగా చోటు మారేది ఒక చిన్న రేకు డబ్బా. అటక మీది నుంచి బట్టల పెట్టెలోకి, అక్కడి నుంచి పిండి డబ్బా వెనక్కి, అలా ఇల్లంతా తిరుగుతూ ఉండేది. "అందులో ఏముందండీ?" అని పెళ్ళైన కొత్తలో ఆమె అడిగింది. "పాత కాగితాలు" అన్నాడు. కాగితాలు కదిపితే అలా టిక్కుమనవని ఆమెకు తెలుసు. అయినా అడగడం మానేసింది. ఇంకో విచిత్రం, ఇంత జాగ్రత్త మనిషి చేతికి గడియారం పెట్టుకునేవాడు కాదు. టైము ఎంతైందని దారినపోయేవాళ్ళని అడిగేవాడు, వాళ్ళు చెప్పింది నమ్మక ఇంకొకళ్ళని అడిగేవాడు.

ఆమెకు ఒక తమ్ముడు. పనిచేసే మిల్లు మూతపడి ఊరికే కూర్చుంటే, "మీరొక మాట చెప్తే వాడికేదైనా దొరక్కపోతుందా" అని ఆమె మూడు నెలలు పోరింది. పోరు పడలేక తాళాలాయన మాట చెప్పాడు. అలా ఆరేళ్ళ కిందట బావమరిది పక్షుల గదులు ఊడ్చే పనిలో చేరాడు. బావగారి ఇంటి మేడ మీది గదిలోనే ఉండేవాడు, అక్క చేతి భోజనం తినేవాడు. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడని సామెత. రెండో సగం సంగతి సరే, మొదటి సగం మీద సంతకం పెట్టడానికి తాళాలాయన సిద్ధంగా లేడు.

బావమరిది తీరు కూడా అలాంటిదే. చీపురు ఎక్కడపడితే అక్కడ వదిలేసేవాడు. భోజనం డబ్బా మూత తీసి కిటికీలో పెట్టి వెళ్ళిపోయేవాడు. కూనిరాగాలు తీస్తూ పని చేసేవాడు. వాడు గదిలోకి వస్తే నీలికాకులు వచ్చి భుజం మీద వాలేవి. "వాడి జేబులో గింజలుంటాయి, అందుకే" అని తాళాలాయన ఒకసారి వాడి జేబులు తడిమి చూశాడు కూడా. ఏమీ లేవు. ఏమీ లేకపోవడం ఆయనకు మరింత అనుమానంగా అనిపించింది.

ఇలా ఉండగా ఆ సంస్థకు ఒక కెమెరా లెన్సు వచ్చింది. పిడికిలంత ఉంటుంది. చీకటి గదిలో, అద్దం అవతల ఉన్న పక్షి కంటిపాపను కూడా పట్టేస్తుందట. వచ్చే నెల పెద్ద ప్రయోగం దాని మీదే ఆధారపడింది. సంస్థను నడిపే పెద్ద మేడమ్ స్వయంగా స్టోరుకు వచ్చి, దాన్ని తాళాలాయన రెండు చేతుల్లో పెట్టి, "మీ దగ్గరుంటే నాకు నిశ్చింత" అంది. ఆ మాటతో ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది, నిద్ర రెండు గంటలు తగ్గింది.

మూడు శనివారాలు మూడు చోట్లకు మార్చాడు. మూడో శనివారం మధ్యాహ్నం దాన్ని పసుపుపచ్చ గుడ్డలో చుట్టాడు. ఇనప బీరువా తెరిచి మూసి, తాళం వేసి, మూడుసార్లు లాగి చూశాడు. బావమరిది అప్పుడే ఊడుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. ఆ సాయంత్రమే ఆయనకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. పక్షులకు మేత ఆగకూడదు కాబట్టి పెద్ద మేడమ్ తన దగ్గరున్న మారు తాళాలు బావమరిదికిచ్చి స్టోరు తెరిపించింది. ఆ సంగతి తెలిశాక జ్వరం ఇంకో డిగ్రీ పెరిగింది.

గురువారం పనిలోకి రాగానే తాళాలాయన నేరుగా బీరువా తెరిచాడు. లెన్సు లేదు. అరలన్నీ వెతికాడు, బీరువా వెనక చూశాడు, కింద పడుకుని చూశాడు. లేదు. బీరువాలో పెట్టి తాళం వేసిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఆ చప్పుడు విన్నది తనూ, గుమ్మంలో ఉన్న బావమరిదీ. ఆ తర్వాత నాలుగు రోజులు తాళాలు ఎవరి దగ్గరున్నాయి? ఇంకా ఆలోచించడానికేముందని ఆయనకు అనిపించింది.

పెద్ద మేడమ్ గదిలో ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎవరి మీదైనా అనుమానమా?" అని ఆమె అడిగింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మేడమ్" అన్నాడు. ఆ మాట కోపమో బాధో ఆయనకే తెలియలేదు. "మా వాడే. మారు తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి."

బావమరిదిని పిలిపించారు. వాడు విషయం విని, ఏమీ అనకుండా, భోజనం సంచీని బల్ల మీద బోర్లించాడు. డబ్బా, చెంచా, దువ్వెన, మడిచిన తువ్వాలు, ఒక నీలం ఈక. అంతే.

"నేను తీయలేదు మేడమ్" అన్నాడు.

"ఆయన బీరువాకు తాళం వేయడం చూశావా?"

"బావ తాళం వేయడం చూశాను."

"అయితే లెన్సు ఇప్పుడెక్కడుందో నీకు తెలుసా?"

బావమరిది బావ వైపు చూశాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. అడిగింది అవునా కాదా అని చెప్పాల్సిన ప్రశ్న. దానికి వాడు జవాబు చెప్పలేదు. ఆ మౌనం ఆ గదిలో మిగతా ఇద్దరికీ ఒకే రకంగా అర్థమైంది. పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సోమవారం దాకా నువ్వు రావద్దు. సోమవారానికల్లా లెన్సు వస్తే సరే. రాకపోతే నీ ఉద్యోగం పోతుంది, మాట పైకి కూడా వెళ్తుంది" అంది.

ఆ సాయంత్రం బావమరిది భోజనానికి కిందికి దిగలేదు. ఆమె కంచంలో వడ్డించి, పైన ఇంకో కంచం మూతపెట్టి, మెట్లెక్కి వెళ్ళి వచ్చింది. కాసేపటికి కంచం అలాగే తిరిగొచ్చింది. తాళాలాయన ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఆమె ఎదురుగా కూర్చుంది.

"వాడు తీయడం మీరు చూశారా?"

"చూడాలా? నేను పెట్టాను, వాడు చూశాడు, తాళాలు వాడి దగ్గరున్నాయి. వాడు కాక ఇంకెవరున్నారక్కడ?"

"మీరున్నారుగా" అంది ఆమె.

తాళాలాయన ముద్ద కంచంలో పడేసి, "నా వస్తువు నేనే దొంగతనం చేసుకుంటానా? నీ తమ్ముడని వెనకేసుకొస్తున్నావ్" అని లేచిపోయాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ పూట ఆయనకు భార్య మీద కూడా అనుమానం వచ్చింది. కంచంలో లెన్సు పెట్టి పైకి చేరవేస్తోందేమో! మరుక్షణం ఆ ఆలోచనకు తనే సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే, ఆమె పడుకున్నాక కంచాల అల్మారా వెతికాడు.

శనివారం వచ్చింది. బావమరిది లేడు కాబట్టి పక్షుల గదులు ఊడ్చే పని కూడా తాళాలాయన నెత్తినే పడింది. నడుము పట్టేసింది. నీలికాకులు ఒక్కటీ ఆయన దగ్గరికి రాలేదు. పై కొమ్మ మీద వరసగా కూర్చుని, తల పక్కకు వంచి, ఒక్కో కంటితో ఆయన్ని చూస్తున్నాయి. తలుపు చప్పుడైతే చాలు, వచ్చింది ఇంకెవరోనని ఎగిరి వచ్చి, కాదని మళ్ళీ కొమ్మ ఎక్కుతున్నాయి.

పక్కగదిలో కెమెరా అమ్మాయి ఉంది. నీలికాకులు దాచుకునే తీరును రెండేళ్ళుగా చిత్రిస్తోంది. ఆయన నడుము పట్టుకుని నిలబడటం చూసి జాలిపడింది.

"బాబాయ్, కాసేపు ఇలా కూర్చోండి. మంచి తమాషా చూపిస్తా."

అద్దం అవతల రెండు పక్షులు. కాలికి ఎర్ర కడియం ఉన్నది ఇసుక తట్టల మధ్య నడుస్తోంది. పక్క అరలో ఉన్న ఇంకో పక్షి జాలీలోంచి దాన్నే చూస్తోంది. ఎర్ర కడియం ఒక గింజను మొదటి తట్టలో పొడిచి పెట్టింది. అమ్మాయి తాడు లాగగానే రెండు అరల మధ్య తెర దిగింది. ఎర్ర కడియం ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, గబగబా ఆ గింజను తీసుకెళ్ళి మూల తట్టలో దాచింది.

"చూశారా? ఇందాక ఒకడు చూశాడని తెలుసు దానికి. ఇప్పుడు ఎవరూ లేరని చోటు మార్చింది."

తాళాలాయన ముఖం వారం రోజుల్లో మొదటిసారి వికసించింది. "అదమ్మా! అదీ జాగ్రత్తంటే. మనుషులు నేర్చుకోవాలి దీన్ని చూసి."

"అన్నీ ఇలా చేయవు బాబాయ్" అంది అమ్మాయి, కెమెరా సరిచేసుకుంటూ. "మా దగ్గర పసుపు కడియంది ఒకటుంది. ఎవడు చూసినా ఎక్కడ దాచిందో అక్కడే వదిలేస్తుంది. దానికి దొంగతనమంటే తెలీదు. ఎప్పుడూ ఎవరిదీ తీయలేదు. ఈ ఎర్ర కడియం ముందు పక్కవాడి గింజలు తవ్వుకు తినింది. అప్పట్నుంచే తనవి ఇలా మార్చడం మొదలుపెట్టింది. మా గదిలో అన్నిటిదీ ఇదే కథ. ఒకసారి తీసినవే ఇలా అనుమానపడతాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తాళాలాయన చెయ్యి తన ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది. అక్కడ గడియారం లేదు, ఎప్పుడూ లేదు. "నీకెలా తెలుసు?" అన్నాడు. మాట అరుపులా వచ్చింది.

"రెండేళ్ళ వీడియోలున్నాయి బాబాయ్" అంది అమ్మాయి, ఆయన పక్షుల గురించే అడుగుతున్నాడనుకుని. మళ్ళీ తెర ఎత్తింది. పక్క అరలో పక్షి చూడడం మొదలుపెట్టింది. ఎర్ర కడియం ఇంకో గింజను రెండో తట్టలో పెట్టి, అక్కడి నుంచి మూడో తట్టకు వెళ్ళి ముక్కు గుచ్చింది, నాలుగో తట్టకు వెళ్ళి ఇంకా గట్టిగా గుచ్చి, ఇసుక ఎగజిమ్మి, కాలితో చదును చేసింది.

"ఇదింకా తమాషా. ముక్కులో ఏమీ లేదు, ఊరికే నటిస్తోంది. చూసేవాడు ఆ చివరి చోటే నమ్ముతాడు. పాపం, వాడు పోయి అక్కడ తవ్వుకుంటాడు."

"మరి గింజ?"

"మొదట పెట్టిన చోటే ఉంది."

తాళాలాయన లేచి నిలబడ్డాడు. నడుము నొప్పి గుర్తురాలేదు. పిలుస్తున్నా వినిపించుకోకుండా వరండా చివరికి నడిచి, స్టోరు తెరిచి, లోపల గడియ పెట్టుకుని, గది మధ్యలో నిలబడి పోయిన శనివారాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకున్నాడు. తను బీరువా దగ్గర ఉన్నాడు. కాదు, అంతకు ముందు. గుడ్డలో చుట్టిన లెన్సు చేతిలో ఉంది. వరండాలో చీపురు చప్పుడు వినిపించింది. అప్పుడు ఏం చేశాడు? చేతికి అందిన చోట, గులకరాళ్ళ డ్రమ్ములో, మోచేతి దాకా దింపి దాచాడు. ఆ తర్వాతే ఉత్తి చేతులతో బీరువా దగ్గరికి వెళ్ళి, చూసేవాడి కోసం తలుపు తెరిచి, పెట్టినట్టు నటించి, పెద్ద చప్పుడుతో తాళం వేసి, మూడుసార్లు లాగాడు. వాడు వెళ్ళాక తీసి వేరే చోట పెట్టాలనుకున్నాడు. ఒళ్ళు కాలిపోతూ ఇంటికి వెళ్ళిపోయాడు. జ్వరం అసలు పనిని తుడిచేసింది, నాటకాన్ని మిగిల్చింది. ఇంకొకరిని నమ్మించడానికి ఆడిన నాటకాన్ని ఆయన తనే నమ్మాడు.

డ్రమ్ము దగ్గరికి వెళ్ళాడు. మూత మీద ఒక ఇటుక ఉంది. ఆయన ఎప్పుడూ అక్కడ ఇటుక పెట్టలేదు. దాని మూల మీద నీలం రంగు చుక్క. పక్షుల గది తలుపు కొట్టుకోకుండా బావమరిది అడ్డం పెట్టే ఇటుక అది. డ్రమ్ము పక్కనే కొత్త గులకరాళ్ళ బస్తా విప్పి ఉంది, కొలత డబ్బా అందులోనే ఉంది. డ్రమ్ములో సగం పైగా రాళ్ళు ఉండగా కొత్త బస్తా ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు?

ఇటుక దించి, మూత తీసి, చెయ్యి దింపాడు. వేళ్ళకు గుడ్డ తగిలింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. లెన్సు మీద ఒక్క గీత లేదు.

ఆ క్షణంలో ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. అబద్ధం ఎందుకు, చెప్పుకుందాం. ఇటుక వాడిది. వాడే ఇక్కడ దాచాడని చెప్తే ఎవరు కాదంటారు? లెన్సూ దొరుకుతుంది, తన మాటా నిలుస్తుంది. ఇరవై ఆరేళ్ళ పరువు. నోరు తెరవక్కర్లేదు కూడా, ఇటుక చూపిస్తే చాలు. ఆయన ఇటుకను చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూసుకున్నాడు.

ముప్పై నాలుగేళ్ళ కిందట కూడా ఇంతే తేలిగ్గా అయిపోయింది. అప్పుడాయనకు ఇరవై రెండు. గడియారాలు బాగుచేసే దుకాణంలో పని. ఎవరో రిపేరుకిచ్చిన వెండి అంచు గడియారం ఆయన చేతిలోంచి జేబులోకి జారింది. ఎందుకు తీశాడంటే చెప్పలేడు, ముల్లు నడిచే తీరు బాగుందని తీశాడు. యజమాని అడిగినప్పుడు, దుకాణం ఊడ్చే ముసలాయన పొద్దున ఆ బల్ల దగ్గరే తచ్చాడాడని ఒక్క మాట అన్నాడు. అంతే. ముసలాయన ఏడవలేదు, తిట్టలేదు. రెండు జేబులూ బయటికి లాగి చూపించి, వాటిని లోపలికి తోసుకోకుండా అలాగే వీధిలో నడిచి వెళ్ళిపోయాడు. ఆ జేబులు తాళాలాయన కళ్ళ ముందు నుంచి ఎప్పుడూ పోలేదు. ఆ రోజు నుంచే ఆయన లోకాన్ని నమ్మడం మానేశాడు. తనలాంటి మంచివాడే తీయగలిగితే ఇంకెవడు తీయడు?

ఇటుకను కింద పెట్టాడు. లెన్సును రెండు చేతులతో పట్టుకుని, స్టోరుకు తాళం వేయడం మరిచిపోయి, పెద్ద మేడమ్ గదికి వెళ్ళాడు.

"నేనే పెట్టాను. నేనే మరిచిపోయాను. వాడికి ఏ పాపమూ తెలీదు" అన్నాడు.

ఆమె లెన్సును వెలుగులో తిప్పి చూసి, "సోమవారం నుంచి రమ్మని మీరే వెళ్ళి చెప్పండి. ఉత్తరం పంపితే సరిపోయేది కాదిది" అంది.

ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రం ఎండ ఇంకా మెట్ల మీద ఉంది. మేడ మీది గది తలుపు తెరిచే ఉంది. ఆ తలుపుకు ఎప్పుడూ గడియ వేసి ఉండదు. బావమరిది చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"దొరికిందిరా" అన్నాడు తాళాలాయన గుమ్మంలోంచే.

"డ్రమ్ములోనేగా" అన్నాడు బావమరిది తలెత్తకుండా.

"తెలిసి కూడా ఆ రోజు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను బావా? ఎక్కడుందో చెప్తే, దాచినవాడికి కాక ఇంకెవడికి తెలుస్తుందనేవాడివి. చెప్పకపోతే ఉత్త దొంగని, చెప్తే పక్కా దొంగని."

"నాకొక్కడికీ చెవిలో చెప్పొచ్చుగా?"

"జ్వరంలో ఉన్నప్పుడు చెప్దామనే వచ్చాను. నన్ను చూడగానే తలగడ కింద తాళాలు తడుముకుని 'ఎందుకొచ్చావ్' అన్నావు. నీ ఒళ్ళెలా ఉందో చూద్దామని వచ్చానని చెప్పి వెళ్ళిపోయాను." దారం కొరికాడు. "ఆరేళ్ళుగా నువ్వు దాచిన ప్రతి చోటూ నాకు తెలుసు బావా. ఊడ్చేవాణ్ణి. దుమ్ము ఎక్కడ చెదిరిందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఎవడైనా చూడకుండా చెయ్యి పెడతాడేమో, లెన్సుకు రాళ్ళు గీసుకుంటాయేమోనని ఇటుక పెట్టి, మేతకు వేరే బస్తా విప్పాను."

తాళాలాయన గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "సోమవారం రమ్మన్నారు."

"రాను."

"అదేంట్రా? తప్పు నాదని నేనే చెప్పాను మేడమ్‌కి."

"నన్ను నమ్మి పిలవడం లేదుగా నువ్వు. వస్తువు దొరికిందని పిలుస్తున్నావు. రేపు ఇంకోటి కనిపించదు, మళ్ళీ నా సంచీ బోర్లించాలి. అన్నిసార్లూ దొరుకుతాయా బావా?"

తాళాలాయన నేల వైపు చూస్తూ గడియారం సంగతి మొదలుపెట్టాడు. వెండి అంచు, బల్ల, తను అన్న ఆ ఒక్క మాట, ముసలాయన జేబులు, అన్నీ చెప్పాడు. ఏదీ దాచలేదు. ఇంతకాలం మోసిన మూట విప్పేస్తే తేలికవుతుందనుకున్నాడు. తేలికవలేదు.

బావమరిది సూది పక్కన పెట్టాడు. "అక్కకు తెలుసా?"

"తెలీదు."

"అయితే ముందు అక్కకు చెప్పు. సోమవారం సంగతి ఆ తర్వాత చూద్దాం."

తాళాలాయన మెట్లు దిగాడు. మెట్ల కింది గూట్లో పిండి డబ్బా వెనక చెయ్యి పెట్టి రేకు డబ్బా తీశాడు. మూత బిగుసుకుపోయి ఉంది, చెంచాతో ఎత్తితే వచ్చింది. లోపలి వెండి అంచు గడియారాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. వంటింట్లో ఆమె గుమ్మానికి వీపు పెట్టి చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, ఎవరైనా వింటున్నారేమోనని. చూడలేదు.

"నీతో ఒక మాట చెప్పాలి."

ఆమె తిరగలేదు. చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "ఈసారి ఏం పోయింది?"

"ఏదీ పోలేదు" అని ఆయన గడియారాన్ని చిక్కుళ్ళ పక్కన పెట్టాడు. "ఇది నేను దొంగతనం చేసింది."